మాట తేడా వస్తే మందు తేడా వస్తుంది

(నల్లగొండలో ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రపు సభలో, సర్కారు దవాఖాన ల్యాబుల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక టెక్నీషియన్ చేసిన ప్రసంగం, అక్షర రూపంలో.)

అందరికీ నమస్కారం. ముందు ఒక రిపోర్టు సంగతి చెప్తాను.

చాలా ఏళ్ల కిందటి మాట. దేవరకొండ వైపు నుంచి ఒక ముసలమ్మను కొడుకు తీసుకొచ్చాడు. మూత్రంలో మంట, నడుం నొప్పి, సాయంత్రం కాగానే వణుకుతో జరం. మూత్రం కల్చర్‌కు పెట్టాం. మూడో రోజు రిపోర్టు చేతికిచ్చాం. డాక్టరు గారు చూసి వారానికి గోలీలు రాశారు. కొడుకు డిగ్రీ చదివినవాడు, ఇంటికి పోతూ బస్సులో ఆ కాగితం తానే చదువుకున్నాడు. అందులో ‘గ్రామ్ నెగెటివ్ బాసిల్లై’ అని ఉంది. నెగెటివ్ అంటే ఏమీ లేదనే కదా అనుకున్నాడు. రెండు రోజులు వేసి, మంట తగ్గగానే గోలీలు బంద్ చేశారు. ఐదో రోజు ఆ తల్లిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది.

“నెగెటివ్ వచ్చిందని మీరే రాసిస్తిరి గద సారూ, మళ్ల ఇదేంది?” అని ఆ పిల్లగాడు నన్ను అడిగాడు.

ఆమెకు నయమైంది, పది రోజులకు నడిచి ఇంటికి పోయింది. కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అతనిది తప్పని ఎట్లా అంటాం? ఇంగ్లీషు వచ్చినవాడు చదివినట్టే చదివాడు. కాగితం ఇచ్చేటప్పుడు నేను ఒక్క నిమిషం ఆగి, ‘తమ్మీ, ఇందులో నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు, మందు మాన్పొద్దు’ అని చెప్పి ఉండాల్సింది. ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పకుండా ఒక్క రిపోర్టు కూడా ఇవ్వలేదు.

ఇంతకీ ఆ మాట ఎక్కడిది? డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అని ఒక డాక్టరు. 1884లో ఆయన బాక్టీరియాకు రంగు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. గాజు పలక మీద ఊదా రంగు పోసి, అయోడిన్ పోసి, తర్వాత స్పిరిట్‌తో కడుగుతాం. కొన్ని బాక్టీరియా ఆ ఊదా రంగును పట్టుకుని వదలవు. వాటిని గ్రామ్ పాజిటివ్ అన్నారు. కొన్ని వదిలేస్తాయి, వాటికి మళ్లీ ఎర్రరంగు వేస్తే గులాబీగా కనపడతాయి. అవి గ్రామ్ నెగెటివ్. వాటి ఒంటి మీది పొర తేడా వల్ల అట్లా జరుగుతుంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి డాక్టరుకు ఆ తేడా కావాలి. బాసిల్లై అంటే పుల్లల్లాంటి బాక్టీరియా. అంటే ఆ రిపోర్టులోని ‘నెగెటివ్’ రంగు సంగతి. జబ్బు ఉన్నదా లేదా అన్నదానితో దానికి సంబంధమే లేదు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. కంటికి కనపడని జీవి గురించి మనం మాట్లాడుకునేటప్పుడు చేతిలో ఉన్నది మాట ఒక్కటే. పాము అంటే చూశాం, తేలు అంటే చూశాం, మాట కాస్త అటూ ఇటూ అయినా కన్ను సరిదిద్దుతుంది. వీటిని ఎవరూ చూడలేదు. మాట ఎటు తీసుకుపోతే మనిషి అటే పోతాడు.

కల్చర్ అన్నాను కదా. పాఠ్యపుస్తకంలో దీన్ని ‘వర్ధనం’ అన్నారు, పెంచే పదార్థాన్ని ‘వర్ధన యానకం’ అన్నారు. మా ల్యాబుకు వచ్చినవాళ్లలో ఈ మాట అర్థమైన మనిషిని నేను చూడలేదు. ‘కల్చర్ టెస్ట్’ అన్నా అంతే. ‘మూడు రోజులా? పక్క ల్యాబుల గంటల ఇస్తరు’ అని గొడవ పడేవాళ్లు. ఒకరోజు ఒక పెద్దమ్మ అట్లాగే గొడవ పడుతుంటే, నా నోటికి వచ్చింది చెప్పాను: ‘అమ్మా, పాలల్ల తోడేస్తే ఎంబడే పెరుగైతదా? రాత్రంతా ఉండాలె గద. నీ మూత్రం చుక్కను కూడ గట్లనే తోడుపెడుతున్నం. అండ్ల పురుగుంటే రేపటికి తోడుకుంటది. ఎల్లుండి ఏ మందుకు సస్తదో చూస్తం.’ ఆమె ఇంకేమీ అడగలేదు. ‘అట్లనా, మరి చల్లగుంటె తోడుకోదు గద, ఏడ పెడుతరు?’ అంది. ఇంక్యుబేటర్ తలుపు తెరిచి చూపించాను. 37 డిగ్రీలు, మన ఒంటి వెచ్చదనం. నేను చెప్పకముందే ఆమె దాని అవసరం కనిపెట్టింది. తోడు పెట్టడం తెలిసిన మనిషికి బాక్టీరియాను పెంచడం తెలిసినట్టే.

వంటింటి నుంచి ల్యాబుకు దారి కొత్తదేమీ కాదు. జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబులో బాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవాళ్లు. ఎండాకాలం వస్తే, ఇంక్యుబేటర్ వేడి తగిలితే జెలటిన్ కరిగి నీళ్లయిపోయేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తాను జెల్లీలు చేయడానికి వాడే అగర్‌తో ప్రయత్నించమంది. 1880ల మొదట్లో సంగతి. మన మిఠాయిల్లో చైనాగ్రాస్ అని వేస్తారే, అదే. ఇవాళ ప్రపంచంలో ఏ ల్యాబుకు పోయినా గాజు పళ్లెంలో ఉండేది ఆమె వంటింటి అగరే.

మన పుస్తకాల మాటల మీద నాకు కోపం లేదు. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. అంతకు ఎంతో ముందే, 1906లో, హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి సైన్సును తెలుగులో అచ్చు వేశారు. వాళ్ల కష్టం వల్లే మేము తెలుగులో చదువుకోగలిగాం. కొన్ని మాటలైతే ఎంత బాగుంటాయో. ‘పరాన్నజీవి’ చూడండి. పరుల అన్నం మీద బతికేది. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. చెట్టు మీద బదనిక చూసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. ‘సూక్ష్మజీవి’ కూడా మంచి మాటే, ఊళ్లోకి దిగింది.

కానీ ‘కిణ్వనం’? తొమ్మిదో తరగతి పిల్లను అడిగితే ‘చక్కెరలు ఆల్కహాలుగా మారు ప్రక్రియ’ అని గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. ‘మరి ఇడ్లీ పిండి ఎందుకు పొంగింది బిడ్డా?’ అంటే ‘పులిసింది సార్’ అంటుంది. రెండూ ఒకటేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర తాటిచెట్టు లేని ఊరుందా? తెల్లారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ నురుగు కడుతుంది, మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. కల్లు పట్టే కుండకు, అదే లొట్టికి, లోపల సున్నం పూస్తే పులియదని, తియ్యటి నీరా నీరాగానే ఉంటుందని గీత కార్మికుడికి తెలుసు. సున్నం ఈస్టును పెరగనీయదు. లొట్టి పాతదైతే తొందరగా పులుస్తుందనీ తెలుసు. నిన్నటి ఈస్టు దాని గోడలకు పట్టి ఉంటుంది కాబట్టి. 1857లో లూయీ పాశ్చర్ పాలు పులియడం మీద రాసి, ఇది జీవుల పని అని వాదించాడు. ఆ పాఠం చెప్పడానికి మనకు లొట్టి కంటే మంచి పరికరం ఏముంది? ‘కిణ్వనం’ పక్కన ‘పులియడం’ అని ఒక్క మాట రాస్తే చాలు.

ఇంకొక మాట గురించి చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది. మైక్రోస్కోపును పుస్తకంలో సూక్ష్మదర్శిని అంటారు. నిజాం కాలంలో ఇక్కడ చదువుకున్నవాళ్లు ఖుర్దబీన్ అనేవాళ్లు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా అని అనువాద సంస్థ పెట్టారు. బాక్టీరియాలాంటి సూక్ష్మజీవులకు ఉర్దూ మాట జరాసీం. ఇప్పుడు చూడండి, దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. దూర్‌బీన్ మన నోట్లో దుర్భిణి అయింది. ఈనాటికీ అంటున్నాం. ఖుర్ద్ అంటే చిన్నది. ఖుర్దబీన్ మాత్రం మన నోట్లోకి రాలేదు, ఎవరికీ గుర్తు లేదు. దుర్భిణి జాతర్లలో, బొమ్మల దుకాణాల్లో జనం చేతికి వచ్చింది. మైక్రోస్కోపు ల్యాబు గదిలో ఉండిపోయింది. వస్తువు చేతికి రాకపోతే మాట నోటికి రాదని నాకు అనిపిస్తుంది.

జనం అవసరం పడితే మాటను ఎట్లా లాక్కుంటారో చూడాలంటే హైదరాబాదు పోవాలి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను పాతవాళ్లు ఏమంటారు?

(సభలోంచి: “కోరంటి దవాఖాన!”)

కోరంటి. క్వారంటైన్. ఇటలీలో వెనిస్ రేవులో, ప్లేగు భయంతో ఓడలను 40 రోజులు బయటే ఆపేవాళ్లు. వాళ్ల భాషలో నలభైని ‘క్వరాంతా’ అంటారు. ఆ మాట సముద్రాలు దాటి వచ్చి మన రిక్షావాళ్ల నోట్లో ‘కోరంటి’ అయింది. ఏ పండితుడూ తయారు చేయలేదు, ఏ పుస్తకంలోనూ నేర్పలేదు. కరోనా వచ్చినప్పుడు టీవీలో క్వారంటైన్, క్వారంటైన్ అంటుంటే మా చిన్నమ్మ, ‘గదే, కోరంటిల పెడుతరంట’ అంది. మా ఇంట్లో అందరికంటే ముందు అర్థమైంది ఆమెకే.

సైన్సు మొదలుపెట్టినవాళ్లు కూడా మామూలు మాటలతోనే మొదలుపెట్టారు. హాలండ్‌లో డెల్ఫ్ట్ ఊళ్లో లీవెన్‌హుక్ బట్టల వ్యాపారి. లాటిన్ రాదు, డచ్చి ఒక్కటే వచ్చు. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందో చూద్దామని మిరియాలు నీళ్లలో నానబెట్టి, తాను అరగదీసుకున్న అద్దం కింద చూశాడు. ఏవో కదులుతున్నాయి. 1676లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వాటికి పేరు లేదు, ఆయన కంటే ముందు చూసినవాళ్లు లేరు. ‘చిన్ని జంతువులు’ అని తన ఇంటి భాషలో రాశాడు. సరిపోయింది.

మన బేగంపేటలోనూ అంతే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక దోమ కడుపు కోసి, అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమల చేత కుట్టించాడు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. పది దోమలు, పది అణాలు. ఆ దోమ అనాఫిలిస్ అని రాస్‌కు అప్పటికి తెలియదు. ‘మచ్చల రెక్కల దోమ’ అని రాసుకున్నాడు. ఆ మాటతోనే నోబెల్ దాకా పోయాడు, 1902లో. మలేరియా అన్న మాటకేమో ఇటలీ భాషలో ‘చెడు గాలి’ అని అర్థం. గాలి కాదు దోమ అని తేలిన తర్వాత కూడా ఆ పేరే ఉండిపోయింది. మనవాళ్లు పెట్టిన చలిజ్వరం అన్న పేరు కనీసం లక్షణమైనా చెప్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. మనకు ‘క్రిమి’, ‘పురుగు’ అని రెండు మాటలు ఉన్నాయి. అన్నిటికీ అవే వాడుతున్నాం. పత్తి మీద కొట్టేది క్రిమిసంహారక మందు. చేతులు కడిగే సబ్బు క్రిములను చంపుతుంది. కడుపులో నులిపురుగులు, పంట్లో పురుగు, మూత్రంలో పురుగు. నేను కూడా ఆ పెద్దమ్మతో పురుగు అనే అన్నాను, ఆ పూటకు పని జరిగింది. కానీ ప్రతిసారీ జరగదు. వానాకాలం రాగానే పేపర్లో ‘విషజ్వరాలు ప్రబలుతున్నాయి’ అని వస్తుంది. ఆ ఒక్క మాట కింద డెంగీ ఉంటుంది, మలేరియా ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది. డెంగీ వైరస్ వల్ల వస్తుంది. మలేరియా ఏకకణ పరాన్నజీవి వల్ల. టైఫాయిడ్ బాక్టీరియా వల్ల. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు. విషజ్వరం అన్నంతసేపూ మనకు ఏమీ తెలియనట్టే.

నకిరేకల్ వైపు నిమ్మతోట ఉన్న ఒక రైతు, జలుబు చేసి జరం వచ్చిన కొడుకును తీసుకొచ్చాడు. డాక్టరు గారు చూసి, వైరల్ జరం, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది, జరానికి గోలీ ఇస్తున్నా, నీళ్లు బాగా తాగించండి అన్నారు. ఈయన బయటికి వచ్చి నా దగ్గర కూలబడ్డాడు.

“పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ రాయమంటే రాయకపాయె. ఇంత దూరం వచ్చి ఏం ఫాయిద సారూ?”

నేను అడిగాను, “నిమ్మకు గజ్జి తెగులొస్తే ఏం కొడ్తరు?”

“రాగి మందుల స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొడ్తం.”

“కాండం నుంచి బంక కారితే?”

“దానికి వేరేది. గజ్జిది దానికి పనిచెయ్యదు.”

“బెండతోటకు పల్లాకు తెగులొస్తే?”

“దానికి మందేడిది సారూ? పీకి కాలబెట్టుడే. పక్క మొక్కకు పాకకుండ తెల్లదోమకు కొడ్తం.”

“గజ్జి తెగులు బాక్టీరియా. బంక తెగులు బూజు జాతిది. పల్లాకు వైరస్. నీ కొడుక్కొచ్చింది పల్లాకు లాంటిది. దానికి స్ట్రెప్టోసైక్లిన్ కొడితే ఏమైతది?”

ఆయన కాసేపు ఊరుకున్నాడు. “పైసలు దండుగ,” అన్నాడు. తర్వాత కొడుకు తల మీద చెయ్యి వేసి, “అయితే పిల్లగానికి మల్ల తగ్గుతదా? బెండకు తగ్గదు గద,” అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను చాలా సంతోషపడ్డాను, ఎందుకంటే పోలిక ఎక్కడ తెగిపోతుందో ఆయనే పట్టుకున్నాడు. మనిషి ఒంట్లో సైన్యం ఉంది, ఆ జలుబు వైరస్‌ను ఒళ్లే తరిమేస్తుంది, బెండకు మన లాంటి సైన్యం లేదు అని చెప్పాను. అన్ని వైరస్‌లూ అట్లా పోవనీ, హెచ్ఐవీ లాంటి వాటికి ప్రత్యేకంగా మందులు ఉన్నాయనీ చెప్పాను. మనవాళ్లు బాక్టీరియా, వైరస్, బూజు మధ్య తేడా అర్థం చేసుకోలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెగుళ్ల మందు వేరు, పురుగుల మందు వేరు అని మన రైతుకు పెస్టిసైడ్ దుకాణంలో నిలబడ్డప్పుడు తెలుసు. మందుల దుకాణంలో నిలబడ్డప్పుడు ఆ తెలివికి తగిన మాట మనం ఇవ్వలేదు. బాక్టీరియా, వైరస్ అన్న మాటలకు తెలుగు వెతకాల్సిన పని లేదు, అవి మనవైపోయాయి. వాటిని విడివిడిగా పలకాలి, అంతే. మూడిటినీ కలిపి క్రిములు అనొద్దు.

నల్లగొండలో నిలబడి ఫ్లోరిన్ మాట ఎత్తకుండా ఎట్లా ఉంటాను? మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో ఆ మాటను ఎవరూ అనువాదం చేయలేదు. రసాయన శాస్త్రం ప్రకారం నీళ్లలో ఉండేది ఫ్లోరైడ్. జనం ఫ్లోరిన్ అన్నారు, అదే నిలబడింది. వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు ఎదురుగా ఉంటే మాట నేర్పేందుకు పుస్తకం అక్కర్లేదు. కానీ అక్కడే ఒక తల్లి నాతో అంది, ‘మేం కాచి తాగుతున్నం సారూ, ఫ్లోరిన్ చచ్చిపోతది గద.’ చూశారా? కంటికి కనపడనిదంతా ఒక్కటే అయిపోయింది. కాస్తే చచ్చేది ప్రాణం ఉన్నది. ఫ్లోరైడ్‌కు ప్రాణం లేదు. కాచినకొద్దీ నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. అందులో పటిక, సున్నం వేసేది ఫ్లోరైడ్ కోసం. బ్లీచింగ్ పౌడర్ వేసేది సూక్ష్మజీవుల కోసం. ఒకే బిందెలో రెండు పనులు, రెండిటికీ వేరు వేరు మందులు. ఆశా అక్కలకు నా మనవి ఒక్కటే: నీళ్ల గురించి చెప్పేటప్పుడు ‘శుద్ధి’ అని ఊరుకోకండి. దేని నుంచి శుద్ధి అని చెప్పండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బరువైన మాట. అంటువ్యాధి.

అంటు అంటే తాకితే వచ్చేది. ఈ మాట వెనక మన సమాజంలో ఎంత పాపం ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు, మనుషులనే అంటరానివాళ్లన్నాం. దాన్ని పక్కన పెట్టి సైన్సు వరకే చూసినా, ఈ మాట టీబీ విషయంలో మనల్ని పక్కదారి పట్టిస్తోంది. నేను తెమడ పరీక్ష చేసిన ఒక చిన్న వయసు కోడలు. తెమడను స్లైడ్ మీద పలచగా పూసి, ఆరబెట్టి, మంట మీద చూపించి, ఎర్ర రంగు పోసి కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేస్తాం. మరగనీయకూడదు. తర్వాత యాసిడ్‌తో కడుగుతాం. మిగతావి దాదాపు అన్నీ రంగు వదిలేస్తాయి, టీబీ బాక్టీరియా వదలదు. దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. ఆపైన నీలి రంగు వేసి, నూనె చుక్క పెట్టి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే, నీలి రంగు నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు. ఒక్కోటి రెండు మూడు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గసగసాల గింజ వెడల్పున వరుసగా పేరిస్తే మూడు నాలుగు వందలు పడతాయి. కాక్ మొదటిసారి 1882 మార్చి 24న వీటి గురించి బెర్లిన్‌లో చెప్పాడు. ఆ అమ్మాయి స్లైడ్‌లో కంటి ముందు గుంపులుగా ఉన్నాయి.

తర్వాత వాళ్ల ఇంటికి పోయాం. ఆమెకు కంచం వేరు, చెంబు వేరు, పక్కబట్టలు వేరు. ఆమె గిన్నె ఎవరూ ముట్టరు. కన్న బిడ్డను దగ్గరికి రానివ్వట్లేదు. ఆ ఇంటి చివరి గదిలో పెట్టారు, చలి తగులుతుందని కిటికీ మూసి సంచిబట్ట కట్టారు. రాత్రి ఆ గదిలోనే అత్త కూడా పడుకుంటుంది.

టీబీ కంచం ద్వారా రాదు. చెంబు ద్వారా రాదు. దగ్గినప్పుడు గాలిలోకి పోయి, మూసిన గదిలో గాలిలోనే తేలుతూ ఉండి, పక్కవాళ్లు పీల్చుకుంటే వస్తుంది. ఆ ఇంటివాళ్లు ‘అంటు’ అన్న మాటను నమ్మారు, అది చెప్పినట్టే చేశారు. తాకకుండా జాగ్రత్తపడ్డారు, కిటికీ మూశారు. మాట ఇంకోటై ఉంటే ముందు కిటికీ తెరిచేవాళ్లు. నేను ఆ సంచిబట్ట ఊడదీసి, ఆమె చెంబుతోనే నీళ్లు తాగాను. ఆమె ముఖం మర్చిపోలేను.

మనకు ‘సోకడం’ అని ఇంకో మంచి మాట ఉంది. జబ్బు సోకింది అంటాం. అది తాకడం కావచ్చు, గాలి కావచ్చు, నీళ్లు కావచ్చు. నేను ఆ తర్వాత నుంచి సోకే జబ్బు అనే అంటున్నాను. ‘గాలి ద్వారా సోకేది’, ‘దోమ ద్వారా సోకేది’, ‘నీళ్ల ద్వారా సోకేది’. ఒక మాట ఎక్కువైతే అయింది, కిటికీ తెరుచుకుంటుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ‘నిరోధకత’. పుస్తకంలో వ్యాధి నిరోధకత అంటే మన ఒంటికి ఉన్న బలం. ఔషధ నిరోధకత అంటే బాక్టీరియాకు వచ్చిన మొండితనం. ఒకే మాట మనకూ, మన శత్రువుకూ. అందుకే జనం ఏమంటున్నారు? ‘నా ఒళ్లు ఆ మందుకు అలవాటు పడ్డది, ఇప్పుడు పనిచేస్తలేదు’ అంటున్నారు. అలవాటు పడింది ఒళ్లు కాదండీ, లోపలి బాక్టీరియా. టీబీకి మామూలుగా ఆరు నెలల మందు. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరిగి, బాగైందనుకుని ఆపేస్తారు. అప్పటికి చచ్చినవి బలహీనమైనవి. మిగిలినవి మొండివి. అవి పెరుగుతాయి, దగ్గితే అవే పక్కవాళ్లకు పోతాయి, ఆ పక్క మనిషి ఒక్క గోలీ కూడా మింగకపోయినా అతనికి మొదటి రోజు నుంచే మొండి టీబీ. ఒళ్లు అలవాటు పడుతుంది అనుకుంటే ఈ సంగతి ఎప్పటికీ అర్థం కాదు. నేను ‘బాక్టీరియా మొండికేస్తుంది’ అని చెప్తాను. మొండికేసిన ఎద్దును చూసినవాళ్లకు వేరే వివరణ అవసరం పడలేదు.

అడగండి, ఎవరో చెయ్యి ఎత్తారు.

(ఒక ఉపాధ్యాయుడు: “సార్, పరీక్షలో పిల్లవాడు కిణ్వనం బదులు పులియడం అని రాస్తే మార్కు వేయాలా?”)

నేను దిద్దేవాడినైతే వేస్తాను. అయితే పిల్లవాడికి రెండు మాటలూ రావాలి. పులియడం తెలిస్తే విషయం తెలిసినట్టు, కిణ్వనం తెలిస్తే రేపు పై తరగతి పుస్తకం తెరిచినప్పుడు భయపడడు. మొదట పులియడం చెప్పండి, పిండి గిన్నె తరగతికి తెప్పించండి. ఆ వారం చివర కిణ్వనం అని బోర్డు మీద రాయండి.

(ఒక ఆశా కార్యకర్త: “కుక్క కరిచినంక ఏం కాలేదని సూదులకు రారు సార్. ఇంక్యుబేషన్ పీరియడ్ అని ట్రైనింగ్‌లో చెప్పిన్రు. ఊళ్లో ఎట్ల చెప్పాలె?”)

పొదిగే కాలం అనమ్మా. కోడిగుడ్డు పెట్టినరోజే పిల్ల రాదు కదా, 21 రోజులు పొదగాలి. లోపల పెరుగుతుంటుంది, పైకి గుడ్డు గుడ్డులాగే ఉంటుంది. కుక్కకాటు వైరస్ కూడా అంతే. కొన్ని వారాలు, ఎక్కువమందిలో రెండు మూడు నెలలు పొదుగుతుంది. ఆ లోపల టీకా వేస్తే పిల్ల బయటికి రాకముందే పని అయిపోతుంది. బయటికి వచ్చిందంటే, జబ్బు కనపడ్డదంటే, ఇక దాదాపుగా ఎవరి చేతిలోనూ లేదు. కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. డాక్టరు రాసిన తేదీల్లో ఒక్కటి కూడా వదలొద్దు. ‘ఏం కాలేదు’ అన్నవాళ్లతో, ‘గుడ్డు ఇంకా పొదుగుతోంది’ అని చెప్పు తల్లీ.

సరే. నేను ఆ బల్ల మీద మైక్రోస్కోపు తెచ్చి పెట్టాను, నా సొంతది, పాతది. దాని కింద ఉన్నది మా ఇంట్లో రాత్రి తోడేసిన పెరుగు, ఒక్క చుక్క, నీలి రంగు వేశాను. గొలుసులు గొలుసులుగా చుక్కలు, కొన్ని పుల్లలు కనపడతాయి. ముందు పిల్లలు రండి, తర్వాత ఆశా అక్కలు. పెద్ద స్క్రూ తిప్పకండి, చిన్నదే మెల్లగా తిప్పండి, లేకపోతే లెన్సు స్లైడ్‌కు తగిలి పగులుతుంది. ఒక కన్ను మూయక్కర్లేదు, రెండూ తెరిచే ఉంచండి. చూసినవాళ్లు చూసినట్టు, ఏ మాట వస్తే ఆ మాటతో, ఈ నోటుబుక్కులో రాసి పోండి. పేర్లు తర్వాత చెప్తాను.